కాటన్ దొర గెల్చిన గోదారి, ఓడిన గోదారి

దుమ్ముగూడెం ఎప్పుడన్న వోయిండ్రా తమ్మీ? భద్రాచలం కెల్లి గోదారి ఒడ్డు వట్టుకోని ఎగువకు వోతె వస్తది. ఎండకాలంల వోతె నదికి అడ్డంగ ఒక పాత రాతికట్ట కనవడ్తది. దాని పక్కపొంటి పడవల కోసం తవ్విన పాత కాల్వ ఆనవాళ్లున్నయి. ఊర్ల ముసలోళ్లను అడిగితె తెల్లదొరల నాటిదంటరు. అంతకు మించి ఎక్కువ చెప్పరు.

గదే గోదారి వట్టుకోని కిందికి వోండ్రి. రాజమండ్రి పక్కన ధవళేశ్వరం వస్తది. ఆడికెల్లి సముద్రం దాక ఊరూరికి ఒక విగ్రహం. గుర్రం మీద కూసున్న దొర, లేకుంటె నిలవడ్డ దొర. పేరు సర్ ఆర్థర్ కాటన్. రైతులు దండలేస్తరు, జయంతికి పూజలు జేస్తరు. ఆడ ఆయన దేవుడు. ఈడ ఆయన పేరు గూడ ఎవలికి ఎర్క లేదు. కని దుమ్ముగూడెం కట్ట వెనుకున్న ఆలోచన సుత ఆ దొరదే.

ఒక్కడే మనిషి, ఒక్కటే నది. కింద గెలిచిండు, మీద ఓడిండు. ఎందుకు? ఈ ముచ్చట మన పోరగాళ్లకు తెలవాలె. ఎందుకంటె ఇప్పుడు గూడ గోదారి మీద కట్టలు, బ్యారేజీలు, పడవ తొవ్వలు అని రోజుకో మాట వింటున్నం.

కాటన్ 1803 మే 15 నాడు ఇంగ్లండ్‌ల పుట్టిండు. పదకొండు మంది కొడుకులున్న ఇంట్ల పదోటోడు. పేరున్న ఖాందానే గని పదో కొడుకుకు ఆస్తి ఏం మిగుల్తది? నౌకరి చూసుకోవాలె. పదిహేనేండ్ల వయసుల ఈస్టిండియా కంపెనీ నడిపే సైనిక బడిల చేరిండు. 1819ల మద్రాసు ఇంజనీర్ల దళంల నౌకరి దొరికింది. 1821ల మద్రాసుల ఓడ దిగిండు. అప్పటికి పద్దెనిమిదేండ్లు. అంటె ఇప్పుడు మీ ఊర్ల ఇంటర్ అయిపోయిన పిలగాని వయసు.

మొదట్ల చేసిన పనులల్ల ఒకటి పాంబన్ కాడ. రామేశ్వరం దీవికి, ఒడ్డుకు నడుమ సముద్రం ఇరుకుగ ఉంటది. అడుగున రాళ్లు. ఆ సందుల కెల్లి ఓడలు పోతయా అని కొలిచిండు. అంటె షురువే పడవ తొవ్వ తోని అయింది. తర్వాత బర్మా యుద్ధానికి వోయిండు. తిరిగొచ్చినంక కావేరి కాడ పడ్డడు. ఆయన అసలు చదువు ఆడ్నే మొదలైంది.

కావేరి కాడ అప్పుడు ఒక గోస ఉండె. తిరుచ్చి కాడ నది రెండు పాయలైతది. ఒకటి కావేరి, ఇంకోటి కొల్లిడం. కొల్లిడం లోతుగ, వాలుగ ఉంటది. నీళ్లు దానిలకే ఉరుకుతున్నయి. కావేరి పాయల ఇసుక మేటలు వేస్తున్నది. తంజావూరు పొలాలకు నీళ్లు ఏటేటా తగ్గుతున్నయి. కాటన్ కొల్లిడం మొగదల ఒక ఆనకట్ట కట్టిచ్చిండు. 1836ల పని షురువైంది. ఇసుక కిందికి కొట్టుకపోయేటందుకు కట్టల తూములు వెట్టిచ్చిండు. తంజావూరుకు నీళ్లు తిరిగొచ్చినయి.

గీ పని ఆయన ఎవలి కాడ నేర్చుకున్నడు? గది అసలు ముచ్చట. కావేరి మీద కల్లణై అని ఒక పాత కట్ట ఉంది. చోళ రాజు కరికాలుడు కట్టిచ్చిండని చెప్తరు. దాని కింద బండ లేదు, ఉత్త ఇసుకనే. అయినా వందల ఏండ్ల సంది నిలవడి ఉంది. నది మీద కట్టాలంటె పునాది బండ దాక దించాలె, లేకుంటె నిలవదని తెల్ల ఇంజనీర్ల నమ్మకం. గీ కట్ట ఆ నమ్మకాన్ని తప్పని చూపెట్టింది. ఇసుక మీద రాళ్లు పోసుకుంట పోతె అవి దిగుతయి. దిగినకొద్ది మళ్ల పోస్తె ఒక కాడ ఆగుతయి. ఆ మీద కట్టొచ్చు. పేరు తెల్వని మన రైతులు, వడ్డెరోళ్లు ఎన్నడో కనుక్కున్న ఇగురం ఇది. కాటన్ గొప్పతనం ఏందంటె, దాన్ని చూసి నవ్వలేదు. కూసోని నేర్చుకున్నడు. నేర్చుకున్నట్టు ఒప్పుకున్నడు గూడ.

నడుమ జ్వరాలొచ్చి పానం ఖరాబయితె ఆస్ట్రేలియా దిక్కు వోయిండు. టాస్మేనియాల 1841ల ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెండ్లి జేసుకున్నడు. మళ్ల మన దిక్కు వచ్చినంక విశాఖపట్నంల పని జేసిండు. ఆడికెల్లి గోదారి కాడికి వచ్చిండు.

అప్పటి గోదారి జిల్లా అంటె ఇప్పటి పచ్చని కోనసీమ అనుకునేరు. కాదు. 1832-33ల వచ్చిన కరువును గుంటూరు దిక్కు డొక్కల కరువు అన్నరు. డొక్కలు బయటవడ్డ మనుషులు బాటల పొంటి వడి సచ్చిపోయిండ్రు. గోదారి దిక్కు గూడ తిప్పలే. 1839ల తుపాను వచ్చి కోరంగి తీరాన్ని ఊడ్చుకవోయింది. జనం తగ్గిండ్రు, పొలాలు పడావు వడ్డయి, కంపెనీకి శిస్తు వడిపోయింది. చిత్రమేందంటె, అంత పెద్ద నది ఆ కరువు నేల నడుమ కెల్లే పోతున్నది. వానకాలంల ఊర్లను ముంచుడు, ఎండకాలంల ఇసుక తిన్నెలు చూపెట్టుడు. నీళ్లు లేక ఒకసారి, నీళ్లు ఎక్కువై ఒకసారి, రెండు తీర్ల సచ్చిండ్రు జనం.

కాటన్ గుర్రం మీద, పడవ మీద, కాలినడకన డెల్టా అంత తిరిగిండు. ఏ దిక్కు వాలు ఉంది, ఏ పాయల ఎంత నీరు పోతది, ఒడ్డు ఏడ కోసుకపోతున్నది, ఇసుక ఏడ మేట వేస్తున్నది అని చూసుకున్నడు. 1844ల సర్కారుకు రిపోర్టు ఇచ్చిండు. ధవళేశ్వరం కాడ నది నాలుగు పాయలుగ చీలి ఉంటది, నడుమ లంకలుంటయి. ఆ నాలుగు పాయలకు అడ్డంగ కట్ట వెయ్యాలన్నడు. మొత్తం కట్ట పొడుగు దాదాపు 12 వేల అడుగులు. లండన్‌ల ఉన్న కంపెనీ పెద్దలు 1846ల ఒప్పుకున్నరు. కరువుల సచ్చిన జనం మీద జాలితోనే ఒప్పుకున్నరు అనుకోకుండ్రి. శిస్తు పెరుగుతదని లెక్క చూపెడ్తెనే పైసలు ఇచ్చిండ్రు.

1847ల పని షురువైంది. ధవళేశ్వరం కొండను తవ్వి రాయి తీసిండ్రు. రాయిని నది కాడికి తెచ్చేటందుకు చిన్న పట్టాలు వేసిండ్రు. వేల మంది కూలోళ్లు ఎండల పని జేసిండ్రు. ఇసుకల బావులు దించి, వాటి మీద గోడ కట్టిండ్రు. గోడ దాటి దునికే నీళ్లు కింది ఇసుకను తవ్వకుండ దిగువకు రాళ్లు పరిచిండ్రు. కల్లణై కాడ నేర్చుకున్న చదువు ఈడ అక్కెరకొచ్చింది. వీణెం వీరన్న అని మన తెలుగు ఇంజనీరు ఆయనకు కుడిభుజం లెక్క ఉండె. జనంతోని మాట్లాడుడు, పనోళ్లను తెచ్చుడు, పని నడిపిచ్చుడు, అన్నిట్ల ఆయన చెయ్యి ఉంది. ఎండదెబ్బ తోని కాటన్ పానం మళ్ల దెబ్బతిని సెలవు మీద వోతె, ఓర్ అనే కెప్టెన్ పని నడిపిండు. 1852ల ఆనకట్ట అయిపోయింది. విగ్రహం మాత్రం ఎక్కువ ఒక్క కాటన్‌కే దొరికింది. రాయి మోసిన వేల మందిల ఒక్కని పేరు మనకు తెల్వది. దండ వేసేటప్పుడు గీ మాట గుర్తుంచుకోవాలె.

చానమంది కాటన్ అంటె పొలాలకు నీళ్లు తెచ్చినోడనే అనుకుంటరు. నిజమే, గని సగమే నిజం. ఆయన మనసంత పడవ మీద ఉండె. ఆయన లెక్కల నదికి మూడు పనులు ఒక్కసారి కుదరాలె. ఒకటి, పడవ పోవాలె. రెండు, వరద ఊర్ల మీద వడొద్దు. మూడు, ఒడ్డు కోసుకపోవద్దు. గీ మూడు కుదిరితె పొలానికి నీళ్లు ఎట్లనైన వస్తయి.

ఎట్ల కుదిర్చిండో చూడుండ్రి. ఆనకట్ట మరీ ఎత్తు లేదు, మొదట పన్నెండు అడుగుల మాటనే. వరద వస్తె దాని మీద కెల్లి దునికి పోతది, ఆగి ఊర్లను ముంచదు. నీళ్లు తక్కువున్నప్పుడు మాత్రం ఆపి కాల్వలకు మళ్లిస్తది. కట్ట ఎనుక ఇసుక నిండకుండ తూములు. నది రెండు దిక్కుల ఏటిగట్లు పోసి వరదను నదిలనే పోయేటట్టు జేసిండ్రు. కాల్వలేమో పొలం కోసం, పడవ కోసం రెండిటి కోసం తవ్వినయి. కాల్వల నీటిమట్టం మారే కాడ లాకులు కట్టిండ్రు. లాకు అంటె పడవకు మెట్టు లెక్క. రెండు దిక్కుల తలుపులున్న రాతి గది. పడవ లోపలికి వచ్చినంక ఎనుక తలుపు మూసి, నీళ్లు నింపుతె పడవ పైకి లేస్తది, తీస్తె కిందికి దిగుతది. ఇగ ముంగటి తలుపు తెరిస్తె పోవుడే.

ఆ కాల్వల మీద వడ్లు, ఉప్పు, కలప, మనుషులు అన్ని పడవల మీదనే పోయేటివి. గాలి లేనప్పుడు గట్టు మీద కెల్లి తాడు కట్టి మనుషులు లాగేటోళ్లు. తర్వాత కృష్ణ మీద బెజవాడ కాడ గూడ ఆనకట్ట వడ్డది. గోదారి, కృష్ణ కాల్వలు కలిసి, బకింగ్‌హాం కాల్వ తోని కాకినాడ కెల్లి మద్రాసు దాక నీటి తొవ్వ వడ్డది. 1876-78ల దక్షిణాదిన లక్షల మంది ఆకలికి సస్తుంటె, గోదారి డెల్టా తిని, ఇంకొకరికి పంపింది. ఇది మాటలు కాదు. నేల మీద పండిన గింజ.

ఇగ ఇప్పుడు మన దిక్కు వద్దాం.

కాటన్ చూపు ధవళేశ్వరం కాడ ఆగలేదు. గోదారి పట్టుకోని ఎగువకు పోవాలె, ప్రాణహితల తిరగాలె, వార్ధా నది దాక పోవాలె. ఆడ నాగ్‌పూర్, బీరార్ దిక్కు నల్లరేగడి నేలల పత్తి పండుతది. ఆ పత్తి పడవల మీద సముద్రానికి వస్తె ఇంగ్లండ్ మిల్లులకు సులువు. 1861ల అమెరికాల అంతర్యుద్ధం మొదలై ఆడి పత్తి బందయింది. మాంచెస్టర్ మిల్లులోళ్లు మన పత్తి కోసం ఎగవడ్డరు. అంతకు ముందే, 1860ల నిజాం తోని ఒడంబడిక జేసుకొని గోదారి ఎడమ ఒడ్డున్న భద్రాచలం దిక్కు తాలూకాలను ఇంగ్లీషోళ్లు తీసుకున్నరు. నది మీద పడవలకు సుంకం లేకుండ రాసుకున్నరు. తొవ్వ సాఫ్ అయింది.

కని గోదారి ఈడ వేరే తీరుగ ఉంటది. కింద మెత్తని ఒండ్రు, ఈడ గట్టి బండ. పడవకు మూడు పెద్ద అడ్డంకులున్నయి. మొదటిది దుమ్ముగూడెం కాడ, రెండోది ఇచ్చంపల్లి కాడ, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి కాడ. ఆ కాడికి వస్తె నది బండల మీద కెల్లి దునుకుతది. పడవ పోలేదు. అందుకని ఒక్కో అడ్డంకి కాడ కట్ట కట్టి, పక్కకు కాల్వ తవ్వి, లాకులు వెట్టి పడవను దాటియ్యాలె. ఈ పని హేగ్ అనే ఇంజనీరు చేతిల వెట్టిండ్రు. దుమ్ముగూడెం కాడ కట్ట లేసింది, కాల్వ తవ్విండ్రు, లాకులు కట్టిండ్రు.

అటెన్క ఏమైంది? అడవి నడుమ పని. జ్వరాలు. కూలోళ్లు దొరకరు, వచ్చినోళ్లు నిలవరు. వానకాలంల నది మీద చెయ్యి వెట్టలేరు, ఎండకాలంల పని జేద్దామంటె జ్వరం లేదంటె ఎండ. ఏండ్లు గడిసినయి, పైసలు కరిగినయి. ఆడ అమెరికా యుద్ధం 1865ల అయిపోయింది, పత్తి గిరాకి వడ్డది. 1867ల బొంబాయి కెల్లి నాగ్‌పూర్‌కు రైలు వచ్చేసింది. పత్తి రైలెక్కి బొంబాయి వోయింది. పత్తి పోయినంక గోదారి ఎవలికి గావాలె? 1871ల సర్కారు పని బంద్ వెట్టింది. దుమ్ముగూడెం కాడ పని చానమట్టుకు అయిన తర్వాత, ఇచ్చంపల్లి కాడ పని నడుమ ఉండంగనే.

గిది ఓటమి. ఎందుకు ఓడిండు? బండ గట్టిగుందని అనొచ్చు, రైలు వచ్చిందని అనొచ్చు. రెండు నిజమే. కని నాకు ఇంకోటి కనవడ్తది. కింద కట్టిన కాల్వ ఒడ్డున్న రైతుకు అక్కెరకొచ్చింది. పడవ బందైనా పొలానికి నీళ్లు ఆగలే. అందుకే ఆ కాల్వ ఇయ్యాల్టికి బతికి ఉంది. ఈడ దుమ్ముగూడెం కాడ తవ్విన కాల్వ ఎక్కడ్నో నాగ్‌పూర్ పత్తి కోసం తవ్వింది. నడుమ ఉన్న కోయ గూడెంకు, ఒడ్డున్న చేనుకు దాని తోని పని లేదు. యాపారికి ఇంకో తొవ్వ దొరకంగనే, ఆ కట్టను అడిగే దిక్కు లేకపాయె.

కాటన్ మాత్రం మనసు మార్చుకోలేదు. 1860ల నౌకరి దిగిండు, 1861ల సర్ బిరుదు వచ్చింది. రైళ్ల మీద కోట్లు పెట్టుడు కంటె కాల్వల మీద పెడ్తె సరుకు చవుకగ పోతది, పైనుంచి కరువు గూడ ఆగుతదని జీవితమంత కొట్లాడిండు. 1878ల ఇంగ్లండ్ పార్లమెంటు కమిటీ ముంగట కూసోని జవాబులు చెప్పిండు. అప్పటికి డెబ్బై అయిదేండ్లు. మెంబర్లు ఆయన లెక్కలను ఒప్పుకోలే. నిజానికి ఆయన లెక్కలల్ల గూడ తప్పులుండె. తుంగభద్ర మీద కట్టిన కర్నూలు-కడప కాల్వ ఆయన ఆలోచన తోనే మొదలైంది, ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. అనుకున్నట్టు ఆదాయం రాలే, కంపెనీ మునిగింది, ఆఖరికి సర్కారే తీసుకోవాల్సి వచ్చింది. డెల్టాల పనిజేసిన మందు ప్రతి నేలకు పనిజేస్తదని ఆయన అనుకున్నడు. నది నదికి తీరు వేరే అని నేర్పినోడే ఆ మాట మర్చిపోయిండు.

ముసలితనంల ఇంగ్లండ్‌ల డోర్కింగ్ అనే ఊర్ల ఉన్నడు. ఊకె కూసోలే. చిన్న జాగల లోతుగ దున్ని గోధుమ ఎక్కువ పండుతదా అని చూసుకుంట ఉండె. 1899 జులై 24 నాడు పోయిండు. తొంభై ఆరేండ్లు బతికిండు. ఆయన కట్టిన ఆనకట్ట కాలం తీరినంక, 1982 కల్లా దాని కాడ కొత్త బ్యారేజి వచ్చింది. దానికి గూడ ఆయన పేరే వెట్టిండ్రు. ఇయ్యాల దాని కింద దాదాపు పది లక్షల ఎకరాలు పారుతున్నది.

ఇదంత పాత ముచ్చట అనుకుంటరేమో. కాదు.

1986 ఆగస్టుల భద్రాచలం కాడ గోదారి 75.6 అడుగులు వచ్చింది. తర్వాత ఊరికి కరకట్ట కట్టిండ్రు. 2022 జులైల మళ్ల 71 అడుగులు దాటింది. కరకట్ట లోపల ఉన్నోళ్ల సంగతి ఒకటి, బయట ఉన్నోళ్ల సంగతి ఇంకోటి. కోనసీమల గూడ గంతే. ఏటిగట్టు లోపలి లంకలు ఇప్పటికీ వరదొస్తె మునుగుతయి. గట్టు నీళ్లను మాయం చెయ్యదు, ఇంకో దిక్కుకు తోస్తది. ఆ ఇంకో దిక్కున ఎవరున్నరు అని అడగాలె.

2008ల కేంద్రం గోదారిని, కృష్ణను కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నది. దాంట్ల భద్రాచలం కెల్లి రాజమండ్రి దాక గోదారి 171 కిలోమీటర్లు ఉంది. అంటె కాటన్ పడవ కల ఇంక సావలే. మంచిదే. కని ఆ పడవల ఎవలి సరుకు వోతది? ఒడ్డున్న రైతు మిర్పకాయ బస్తా, కోయోళ్ల ఇప్పపువ్వు దాంట్ల ఎక్కుతయా?

2023 అక్టోబరుల మేడిగడ్డ బ్యారేజి పిల్లర్లు కుంగినయి. తప్పెవలిదో విచారణలు తేలుస్తయి, నేను తీర్పు చెప్ప. కని ఇసుక మీద కట్టినప్పుడు కింద ఇసుక జారకుండ చూసుకునుడే అసలు పని అని కల్లణై కట్టిన మనోళ్లకు ఎన్నడో ఎర్క. కాటన్ కట్టకు గూడ దిగువన రాళ్లు పోస్తనే ఉండవల్సి వచ్చింది. కట్టుడు ఒక్కసారి. కాపాడుడు ఏటేటా.

తమ్మీ, చెల్లే, కాటన్ దొరకు దండం వెట్టొద్దు అని నేను అంట లేను. కరువుల సచ్చే నేలకు బువ్వ వెట్టిండు, దండం వెట్టండ్రి. కని ఆయన కంపెనీ నౌకరు అని మర్వకుండ్రి. మన పెద్దల కాడ నేర్చుకున్నప్పుడు, నది తీరు జూసినప్పుడు గెలిచిండు. దూరం యాపారి ఆకలి వెంట ఉరికినప్పుడు ఓడిండు. రేపు మీ ఊరి కాడికి గోదారి మీద కట్టనో కాల్వనో వస్తదని సారు ఎవరన్న వస్తె, మ్యాప్ ముంగట పరవమని చెప్పుండ్రి. మూడు సంగతులు అడుగుండ్రి: వరద ఎటు తిరుగుతది, ఒడ్డు ఏడ కోసుకపోతది, ఈ నీళ్లు, ఈ పడవ ఎవలివి. జవాబు కాయిదం మీద రాసి ఇమ్మనుండ్రి. ఓపిక ఉంటె ఆ లోపు ఒకసారి దుమ్ముగూడెం వోయి రాండ్రి.